ఏడు గొంతుల బీయ్యాత్తు

కేరళ తీరాన పరప్పనంగాడి ముస్లిం పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురిని మధ్యన కూర్చోబెట్టి, ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరుస్తూ ఒప్పన పాడతారు. అందులో ఒకప్పుడు బీయ్యాత్తు జట్టుదే పైచెయ్యి. ముందు పాట ఆమెది, వెనక వంత ఆరుగురిది. ఆ జట్టు దిష్టి తగిలినట్టు చెదిరిపోయింది. ఒకామె మొగుడి వెంట దుబాయి వెళ్ళింది. ఇంకొకామెకు మోకాళ్ళు పట్టేశాయి. ఇద్దరేమో ఒక పెళ్ళిలో బిర్యానీ ముక్కలు ఎవరి పళ్ళెంలో ఎక్కువ పడ్డాయన్న దగ్గర పోట్లాడుకుని మాటలు మానేశారు. మిగిలిన ఇద్దరూ చెరో పక్షం చేరారు.

సరిగ్గా అప్పుడు తానూరు నుంచి ఒక పెళ్ళివారు వచ్చారు. వధూవరుల పేర్లు కలిపి పాట కట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇమ్మన్నారు.

"జట్టంతా ఉన్నారుగా ఇత్తా?" అన్నారు అక్క వరస కలిపి.

"ఉండకేం? ఏడుగురం నిక్షేపంలా ఉన్నాం," అంది బీయ్యాత్తు కన్నార్పకుండా.

వాళ్ళు గుమ్మం దిగగానే కూతురు షంనా నెత్తి కొట్టుకుంది. "ఉమ్మా, ఏడుగురిని ఎక్కణ్ణుంచి పట్టుకొస్తావ్?"

"నీ కంప్యూటర్ ఉందిగా! ఒక గొంతు మీద ఇంకో గొంతు పరచొచ్చని నువ్వేగా చెప్పావు?"

తండ్రి పోయాక షంనా ఇంట్లో కూర్చుని ఏదో ట్రావెల్స్ వాళ్ళకు టైపు పని చేసేది. ఆ కంప్యూటర్‌లోనే ఉచితంగా దొరికే పాటల సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి, తల్లిని ముందు కూర్చోబెట్టింది. తెరమీద తన గొంతు చేపముల్లులా కనబడేసరికి బీయ్యాత్తుకు ధైర్యం వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేపలు బాగుచేస్తున్న చెయ్యి అది. దగ్గు ఉన్నచోట కోసేసింది, కాకి అరిచినచోట గీకేసింది. మొదటిరోజు చేతివాటం ఎక్కువై, అసలు పాట పారేసి దగ్గుల్ని దాచుకుంది.

తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని, మొదటి పాట వింటూ దానిమీద రెండో గొంతు పాడింది. తిరిగి వింటే రెండో గొంతు అడుగు వెనకబడి నడుస్తోంది.

"చూశావా, వంతగత్తెలు కంప్యూటర్‌లో కూడా ఆలస్యమే!" అంది బీయ్యాత్తు. షంనా ఆ గొంతును పట్టి ముందుకు జరపడం నేర్పింది. ఆడవాళ్ళను జడ పట్టుకోకుండా దారిలో పెట్టే ఈ పద్ధతి బీయ్యాత్తుకు తెగ నచ్చింది.

'ప' అన్నప్పుడల్లా మైకులో బాంబు పేలుతుంటే, కుట్టుపని చట్రానికి పల్చటి గుడ్డ బిగించి అడ్డం పెట్టింది. గది గంయ్‌మంటుంటే బట్టల బీరువా తలుపులు తెరిచి, బొంతల మధ్య తల దూర్చి పాడింది. ముక్కు పట్టుకుంటే ఒక గొంతు, బుగ్గన వక్క పెట్టుకుంటే ఒక గొంతు, గోడకేసి తిరిగితే మరొకటి. జలుబు చేసిన రోజున మైకుకు దగ్గరగా, చెవిలో రహస్యం చెప్పినట్టు పాడితే బరువైన, తీయని గొంతు ఒకటి పుట్టుకొచ్చింది. ఎవరిదో అన్నట్టు తల్లీకూతుళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

అంతా బాగానే ఉంది కానీ, పక్కనే ఆలిక్కుట్టి పిండిమర ఉంది. అది తిరుగుతుంటే పాట కింద ఏనుగు గురక పెట్టినట్టుండేది. బీయ్యాత్తు వెళ్ళి, మధ్యాహ్నం నమాజు తర్వాత ఒక గంట ఆపమని అడిగింది.

పిండిలో మునిగి తెల్లగా ఉన్న ఆలిక్కుట్టి నవ్వాడు. పెళ్ళాం పోయి చాలాకాలమైంది. సంగీతం విషయంలో తన చెవికి ఊళ్ళో సాటి లేదని ఆయన నమ్మకం. "నీ పాటకీ నా మరకీ పెద్ద తేడా ఏముంది బీయ్యాత్తూ? నా మరైతే పిండన్నా ఇస్తుంది."

ఆ మాట బీయ్యాత్తు మింగలేదు, కక్కలేదు. కరెంటు పోయి మర ఆగినప్పుడల్లా, షంనా కంప్యూటర్ కింద పెట్టుకున్న బ్యాటరీతో గబగబా పాడి పని ముగించింది.

తానూరు పెళ్ళికి ఆలిక్కుట్టి కూడా వెళ్ళాడు. తిరిగొచ్చి, వీధి గోడ మీదుగా తొంగిచూశాడు.

"ఆ పాటలో ఒక గొంతుంది చూడు, బరువుగా, జీరగా. ఎవరామె?"

బీయ్యాత్తు నోట్లో అబద్ధం తడుముకోకుండా వచ్చింది. "రుఖియా. కుట్టిప్పురంలో మా దూరపు బంధువు. విధవరాలు పాపం."

"పాడితే అలా పాడాలి. నువ్వూ ఉన్నావు ఎందుకు!"

"నిజమే ఆలిక్కా. కానీ తర్వాతి పెళ్ళిపాటకు రానంటోంది. నీ మర చప్పుడుకి తలనొప్పట."

మర్నాడు మధ్యాహ్నం నమాజు కాగానే మర టక్కున ఆగిపోయింది. ఆ మర్నాడూ అంతే. బియ్యం గిన్నెలతో వచ్చిన ఆడవాళ్ళు తిట్టుకుంటూ నీడలో నిలబడితే, ఆలిక్కుట్టి వేలు పెదాలమీద పెట్టి "ష్! లోపల పాడుతున్నారు" అనేవాడు.

"వచ్చేటప్పుడు ఒక్కరూ కనబడరేం?" అని అడిగాడొకసారి.

"ఆడవాళ్ళు వెనక గుమ్మంలోంచి వస్తారు. నువ్వేమన్నా కాపలా కాస్తావా?"

ఆయన సిగ్గుపడిపోయాడు. ఆ సాయంత్రం రుఖియాకు ఇమ్మని కోళికోడు హల్వా పంపాడు. తర్వాత నేంద్రం అరటిపళ్ళు, ఆ తర్వాత పత్తిరి రొట్టెలకు మెత్తగా ఆడించిన బియ్యప్పిండి. రుఖియా తరఫున అన్నీ బీయ్యాత్తే తిన్నది. ఆ గొంతు మళ్ళీ కావాలంటే జలుబు కావాలి కాబట్టి, పుల్ల ఐసులు కూడా వరసగా చప్పరించింది.

"ఉమ్మా, పాపం తగుల్తుంది," అంది షంనా హల్వా ముక్క నోట్లో వేసుకుంటూ.

పాపం కంటే ముందు ఆలిక్కుట్టి అక్క కుంజీవి వచ్చింది. చాయ తాగి, గ్లాసు పక్కన పెట్టి, అసలు విషయం తీసింది. "తమ్ముడికి ఆ రుఖియాని అడుగుదామని వచ్చానమ్మా. ముఖం చూడక్కర్లేదట, గొంతు చాలట. నువ్వే ఆవిడ చెవిన వెయ్యాలి."

బీయ్యాత్తు ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్ళూ నవ్వులాటగా ఉన్నది ఒక్కసారిగా బరువెక్కింది. తన మర ఆపుకుని గిరాకీ పోగొట్టుకుంటున్న మనిషి కళ్ళముందు కదిలాడు. "ఆలిక్కానే రమ్మను, రుఖియా మాట్లాడుతుంది," అంది.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని, చెవుల వెనక పిండి మాత్రం మరిచిపోయి వచ్చాడు. షంనా ఆయన చెవులకు హెడ్‌ఫోన్ పెట్టింది. బీయ్యాత్తు ఒక్కొక్క గొంతే ఆపుతూ పోయింది. చివరికి రుఖియా ఒక్కతే మిగిలింది. ఆలిక్కుట్టి కళ్ళు అరమూతలు పడ్డాయి. అప్పుడు బీయ్యాత్తు ఆయన చెవి మీద హెడ్‌ఫోన్ కాస్త పక్కకు తప్పించి, అదే చరణం, అదే జలుబు గొంతుతో పాడింది.

ఆలిక్కుట్టి తెరను చూశాడు. ఆమెను చూశాడు. "నా హల్వా?"

"తిన్నాను."

"పత్తిరి పిండి?"

"చాలా బాగుంది. తప్పు నాదే ఆలిక్కా. కానీ నా పాటకీ నీ మరకీ తేడా లేదన్నావు కదా, అది కడుపులో ఉండిపోయింది."

ఆయన ముఖం ఎర్రబడింది. లేచి వెళ్ళిపోతాడనుకుంది షంనా. కాసేపు గొణుక్కుని, "అయితే ఏడు గొంతులూ నువ్వేనా?" అన్నాడు. బీయ్యాత్తు తలూపింది. పొట్ట కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆగాక గొంతు సవరించుకుని, "అడగడానికే వచ్చాను, అడిగే వెళ్తాను. రుఖియా కాకపోతే నువ్వే సరే," అన్నాడు.

"ఎలా కుదురుతుంది ఆలిక్కా? మేం ఏడుగురం. నీకు నలుగురి దాకానే అనుమతి!"

షంనా హాల్లోకి పారిపోయి నవ్వింది. ఆలిక్కుట్టి మాత్రం ఆ జవాబుకు చిన్నబుచ్చుకోలేదు. పోతూ పోతూ, పాటలో చప్పట్లు పల్చగా ఉన్నాయనీ, పెళ్ళి చేసుకోకపోయినా చప్పట్లు కొట్టడానికి అభ్యంతరం లేదు కదా అనీ అడిగాడు.

బీయ్యాత్తు ఆయన్ని గుమ్మం దాకా సాగనంపింది. తలుపు వేసుకున్నాక, అద్దంలో ఒకసారి ముఖం చూసుకుంది. "మనిషి చెడ్డవాడేం కాదు," అని బీరువాలోని బొంతలతో చెప్పింది.

శుక్రవారాలు మర ఎటూ మూసే ఉంటుంది. నమాజు అయ్యాక ఆలిక్కుట్టి వస్తాడు. షంనాను గదిలోనే కూర్చోబెట్టి, మైకు ముందు నిలబడి చప్పట్లు కొడతాడు. ఒక్కటీ తాళంలో పడదు. ఆయన వెళ్ళాక బీయ్యాత్తు ఓపిగ్గా ఒక్కో చప్పట్నీ పట్టి దాని చోటికి జరుపుతుంది. ఎంతమంది కావాలంటే అంతమందిని చేస్తుంది.

మరో పెళ్ళిలో ఆ పాట మోగుతుంటే, ఆలిక్కుట్టి పక్కవాడి భుజం తట్టి చెబుతున్నాడు: "ఆ తాళం విన్నావా? వెంట్రుకవాసి తేడా లేదు. నేర్చుకుంటే వచ్చేది కాదయ్యా, పుట్టుకతో రావాలి."

వడ్డించడానికి నిలబడ్డ బీయ్యాత్తు ఆయన పళ్ళెంలో ఇంకో ముక్క వేసి, ఏమీ ఎరగనట్టు ముందుకు సాగిపోయింది.