చేతికి కత్తి ఎవరిచ్చారు?

జోంజు నగరంలోని మా ఆసుపత్రి శిక్షణ విభాగంలో ఓక్ మిరన్ ఇరవై రెండేళ్లు గుమాస్తాగా పనిచేసింది. ఏటా డిసెంబరులో జూనియర్ డాక్టర్లు తమకు నేర్పే పెద్ద సర్జన్లకు ఐదుకు ఇన్నని మార్కులు వేసేవారు. ఆ కాగితాలు పోగుచేసి, సగటు కట్టి పైకి పంపడం ఆమె పని. డాక్టర్ థక్‌కు ఎప్పుడూ మూడు దాటేది కాదు. ఆయన నోరు అలాంటిది. ప్రొఫెసర్ సొనూకు ఏటా ఐదుకు ఐదు. జూనియర్లను పేరుపేరునా పలకరించి, వారానికోసారి కాల్చిన మాంసం తినిపించే మనిషి మరి.

ఒక ఏడాది ఆయన సగటు నాలుగుంపావుకు పడిపోయింది. మర్నాడే మిరన్ దగ్గరికి వచ్చాడు.

"మిరన్ గారూ, ఆ నాలుగు కాగితాలూ ఒక్కసారి ఇటివ్వండి."

"వాటి మీద పేర్లుండవండీ."

"పేర్లెందుకు? ఉన్నది నలుగురే. చేతిరాత చూస్తే చాలు."

"అదీ చూపించకూడదండీ."

"ఇన్నేళ్ల పరిచయం, నన్ను నమ్మరా?"

"నమ్ముతాను. కానీ చూశాక మర్చిపోవడం మీ వల్ల కాదు కదండీ."

ఆయన నవ్వేసి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే మూడో ఏడాది జూనియర్ కీ హేరిమ్ పాలిపోయిన మొహంతో వచ్చింది.

"రెండు వేసింది నేనేనని ఆయనకి తెలిసిపోయిందా?"

"ఇందాకటిదాకా నాక్కూడా తెలీదు. ఇంకెక్కడా నోరు జారకు తల్లీ. ఇంతకీ ఆయనేం చేశాడు?"

"ఏం చెయ్యలేదండీ, మంచాయనే. కానీ మూడేళ్లవుతోంది, ఆయన దగ్గర పైన చర్మం కుట్టడం తప్ప ఇంకోటి నా చేత్తో చెయ్యలేదు. ఇంకో పద్నాలుగు నెలల్లో నన్ను సర్జన్ అంటారు. అప్పుడు పేషెంటు ముందు నిలబడి ఏం చెయ్యను?"

హేరిమ్ వెళ్లాక మిరన్ జూనియర్లు మార్కులు వేసే ఆ ప్రశ్నల కాగితం మళ్లీ చదివింది. మర్యాదగా మాట్లాడతారా, ఓపికగా వివరిస్తారా అని ఉందే తప్ప, మీకేం చేతనైంది అని ఎక్కడా లేదు. తాను ఇన్నేళ్లూ సగటు కట్టింది దేనికో తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది. అవన్నీ కొట్టేసి ఒకే ప్రశ్న రాసింది: "ఈ సర్జన్ పక్కనుండగా, మీ చేత్తో మీరు ఏమేం చేశారు? ఎన్నిసార్లు?"

దాన్ని ఆమోదించాల్సిన శిక్షణ కమిటీ అధ్యక్షుడు మండిపడ్డాడు. "గుమాస్తా వచ్చి సర్జన్లకి పరీక్ష పెడుతుందా?"

ఆమె పక్షాన మాట్లాడింది థక్ ఒక్కడే. "మార్కులు నాకెలాగూ రావు. ఇదైనా అడగనివ్వండయ్యా!" అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఒక్క ఏడాదికని ఒప్పుకున్నారు.

మరుసటి డిసెంబరులో లెక్క తేలింది. థక్ తిడుతూనే జూనియర్ల చేత ముప్ఫై ఒక్క అపెండిక్స్‌లు, తొమ్మిది పిత్తాశయాలు మొదటినుంచి చివరిదాకా తీయించాడు. సొనూ దగ్గర చర్మం కుట్లు నూట నలభై. మిగతావి సున్నా.

పైకి పంపేముందు మిరన్ ఆ కాగితం తానే తీసుకెళ్లి సొనూకు ఇచ్చింది. ఆయన చాలాసేపు చదివాడు.

"నేనే చేస్తే తొందరగా అయిపోతుంది. పేషెంటుకి మంచిదనుకున్నాను."

"మీకెవరు నేర్పారండీ?"

"మా ప్రొఫెసర్. ఒకరోజు నా చేతిలో కత్తి పెట్టి, పక్కకి జరిగి నిలబడ్డాడు. చెమటతో మాస్కు తడిసిపోయింది నాకు." కాగితం తిరిగిచ్చాడు. "ఒక్క అంకె కూడా మార్చకుండా పంపండి."

జనవరిలో హేరిమ్ సొనూ దగ్గర మొదటిసారి పిత్తాశయం తీసింది. ఆ ఆపరేషన్ థియేటర్లో నర్సును నేనే. ముప్పావు గంటలో అయ్యే పని రెండు గంటల పది నిమిషాలు పట్టింది. సొనూ చెయ్యి రెండుసార్లు ముందుకొచ్చింది. రెండోసారి హేరిమ్ తలెత్తకుండానే, "ప్రొఫెసర్ గారూ, మీ చెయ్యి అడ్డమండీ" అంది. ఆయన వెనక్కి తీసుకున్నాడు. పేషెంటు నాలుగో రోజు నడిచి ఇంటికెళ్లింది.

కమిటీ అధ్యక్షుడు మాత్రం మర్చిపోలేదు. వసంతంలో మిరన్‌ను పాత రికార్డుల గదికి మార్చారు. బాధపడిందా అంటే, పడింది. రెండేళ్లకు రిటైరై ఇమ్‌సిల్ అనే ఊళ్లో అక్కతో కలిసి మిరపతోట వేసుకుంది. ఆ ఒక్క ప్రశ్న ఇప్పటికీ డిసెంబరు డిసెంబరుకీ మా జూనియర్ల చేతికి వస్తూనే ఉంది.