రెండు కవర్లు

యాభై ఏళ్లు దాటేదాకా నాకు అక్షరాలు రావు. అంగన్‌వాడీలో మధ్యాహ్నాలు కూర్చుని నేర్చుకున్నాక కూడా ఇది చాలాకాలం రాయలేకపోయాను. రాయాలంటే నా తప్పును నా చేత్తోనే కాగితం మీద పెట్టాలి.

పినపాక దాటి అడవి అంచున మా ఊరు. చలి తగ్గిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మిరపకాయలు ఏరే కూలికి వెళ్తాం. చేలో ఆడవాళ్లం నీళ్లు తాగం. తాగితే చాటు వెతుక్కోవాలి, ఆ చేతులతో వెళ్తే ఒళ్లంతా మంట. అందుకే మూత్రంలో మంట మొదలైనప్పుడు అది మిరపదే అనుకున్నాను. మా తోడికోడలు నవ్వింది.

"మిరప చేతులతోని పోతే మండదా అక్కా? పన్నీరు కారుతదా?"

తగ్గకపోతే ఖమ్మంలో ఒక డాక్టరుకు చూపించుకున్నాను. మూత్రసంచి వాచిందని మాత్రలిచ్చాడు. కడుపునొప్పితో విరేచనంలో నెత్తురు పడినప్పుడు భద్రాచలంలో ఇంకొకరి దగ్గరికి వెళ్లాను. పేగు పూత అన్నాడు. చీటీలు కలిసిపోకుండా మూత్రానివి తెల్ల కవరులో, కడుపువి నల్ల కవరులో పెట్టుకున్నాను. చదవడం రాదు కాబట్టి రంగే గుర్తు. ఖమ్మానికి తెల్లది, భద్రాచలానికి నల్లది. ఏడేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ జాగ్రత్తకు నాలో నేనే మురిసిపోయేదాన్ని.

తేదీలు చదవడం వచ్చాక ఒకరోజు రెండు కవర్లూ చాప మీద పరిచాను. నల్ల కవరులో చీటీ ఉన్న ప్రతిసారీ, వారం పదిరోజుల తేడాలో తెల్ల కవరులోనూ ఒకటి ఉంది. మిరప ఏరని వానాకాలంలో కూడా. అప్పటికే మూత్రంలో గాలి బుడగలు, మురుగు వాసన. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

తోడికోడలిని వెంటబెట్టుకుని పెద్ద దవాఖానాకు వెళ్లాను. డాక్టరమ్మ స్కాన్ తీయించి, చీటీలన్నీ చూసింది.

"పేగు వాచి వాచి మూత్రసంచికి అతుక్కుంది. మధ్యలో దారి పడి, మలం అటు వస్తోంది. ఈ రెండూ కలిపి ఎవరికీ చూపించలేదా?"

"ఒకరి చీటీ ఇంకొకరికి చూపిస్తే కోపం జేస్తరనుకున్న మేడం."

ఆమె చీటీలు మడిచి నా చేతికిచ్చింది. ముందే తెలిస్తే మందులతో ఆగేదేమో అంది. ఇప్పుడు పేగు కొంత కోయాలి, మలం పోయేందుకు పొట్ట మీద సంచి పెట్టాల్సి రావచ్చు అంది. పూర్తిగా తగ్గుతుందని మాత్రం అనలేదు.

తిరుగు బస్సులో తోడికోడలు అడిగింది.

"సంచి బయటికి కనబడ్తదా అక్కా?"

"చీర కింద ఉంటదట."

"మల్ల వంగి మిరప ఏరొచ్చా?"

"గది అడగలే."

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ సద్ది కట్టుకున్నాను. కూలీల ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఎక్కకుండా అందరి ముందూ నిలబడి, ఏడేళ్లు దాచినదంతా చెప్పాను. నెత్తురు, బుడగలు, వాసన. ఎవరూ నవ్వలేదు. వెనక కూర్చున్న ఒకామె "జల్దీ పోదాం, ఎండైతది" అంది. ఆటో కదిలింది. తోడికోడలు కూడా అందులోనే వెళ్లింది. నేను లోపలికొచ్చి సద్ది మూట విప్పి తిన్నాను. తర్వాత చెంబెడు నీళ్లు తాగాను.