నేను కొట్టేసిన ఆఖరి వాక్యం

మొన్న పొద్దున చాయ్ తాగుతుంటే మా పక్కింటాయన ఫోను పట్టుకొని వచ్చాడు. రేషన్ కార్డుల గురించి కలెక్టరాఫీసు ఇచ్చిన ప్రకటనట. ఎవరో ఫొటో తీసి, సగం కత్తిరించి పంపారు. "రేపే ఆఖరు అంటుండ్రు, నిజమేనా అన్నా?" అన్నాడు. కింద ఇంకేదో ఉన్నట్టుంది, మొత్తం దొరికాక చూద్దామన్నాను. "కింద ఏముంటది? అసలు ముచ్చట పైననే ఉంటది గద" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కింద ఏముంటుందో ఒకప్పుడు నాకు చాలా గట్టిగా తెలిసివచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. వనపర్తిలో పగలు ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ని, సాయంత్రం ఒక దినపత్రికకు విలేకరిని. రాసిన కాగితాలు కవర్లో పెట్టి బస్సు డ్రైవరుకిస్తే అప్పటి జిల్లా కేంద్రంలో మా పేపరువాళ్లు దించుకునేవాళ్లు. జిల్లా పేజీలో మా ఊరికి దక్కేది అరచేయంత జాగా. అందులో నా పేరు అచ్చయిన రోజు బజారులో కొంచెం నెమ్మదిగా నడిచేవాణ్ని, నలుగురూ పలకరించడానికి వీలుగా. మా వదిన మండలాఫీసులో గుమాస్తా. పేపర్లకిచ్చే ప్రకటనలు రాసే పని ఆమెది. ఆమె వాక్యం గద్వాల పోయే పల్లెబస్సులాంటిది, చేయెత్తిన ప్రతిచోటా ఆగి ఒకరిని ఎక్కించుకునేది. నేను ఆ ఎక్కినవాళ్లందరినీ దించేసి కవర్లో పెట్టేవాణ్ని. రాత్రి అన్నాల దగ్గర పంచాయితీ. "నా ప్రకటన మళ్ల చెక్కినవు గద తమ్మీ" అనేది. చదివేవాళ్లకు ఓపిక ఉండదు వదినా అంటే, "చదివేటోళ్లకు లేదా, రాసేటోనికి లేదా?" అనేది. మా అన్న మాత్రం ఏ పక్షమూ వహించకుండా పప్పు కలుపుకునేవాడు.

ఆ ఎండాకాలం పెద్ద దవాఖానలో వికలాంగుల సర్టిఫికెట్ల శిబిరం పెట్టారు. వదిన రాసిన ప్రకటనలో తేదీ, చోటు, తేవలసిన కాగితాలు అన్నీ ఉన్నాయి. చివర ఒక పొడుగాటి వాక్యం: మంచం పట్టి కదలలేని వారిని శిబిరానికి తీసుకురావలసిన అవసరం లేదు, వారి పేర్లు తమ మండలాఫీసులో రాయిస్తే వైద్యులే శుక్రవారం ఇంటికి వచ్చి చూస్తారు. అదే రోజు అమరచింత మగ్గాల మీద నేను రాసిన కథనం ఉంది, నా పేరుతో. రెండూ ఆ జాగాలో పట్టవు. తేదీ ఉంది, చోటు ఉంది, ఇంకేం కావాలి అనుకొని ఆ ఆఖరి వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాను. కొట్టేటప్పుడు దాన్ని పూర్తిగా చదవనైనా లేదు.

శిబిరం జరిగే మంగళవారం మధ్యాహ్నం బడికి ఫోనొచ్చింది. "దవాఖానకు రా" అని ఒక్కమాట అని వదిన పెట్టేసింది. వెళ్తే వరండా చివరికి తీసుకుపోయింది. అక్కడ నులక మంచం మీద ఒక పిలగాడు, పాతికేళ్లుంటాయేమో, బోర్లా పడుకొని ఉన్నాడు. వలస పోయిన చోట కడుతున్న బిల్డింగు మీంచి పడి నడుము విరిగిందట. పెద్దమందడి దిక్కు పల్లె నుంచి వాళ్లమ్మ మంచంతో సహా ట్రాలీ ఆటోలో వేసుకొచ్చింది. గతుకులకు వీపు మీది పుండు పగిలి, కప్పిన బట్ట తడిసిపోయింది. "పేపర్ల రాసేటాయన ఈయననే" అని చెప్పి వదిన పక్కకు జరిగింది.

ఆ తల్లి లేచి దండం పెట్టింది. కొంగులోంచి మడిచిన పేపరు తీసింది. "మా ఊరి టీచరమ్మతోని రెండుసార్లు చదివించుకున్న సారూ. మంచాన పడ్డోళ్ల ముచ్చటేమన్న ఉన్నదా అని అడిగిన. లేదన్నది. డాక్టర్లే ఇంటికొస్తరని ఈ మేడం ఇప్పుడు చెప్తున్నది. పేపర్ల లేకపాయె, మాకెట్ల తెలుస్తది?" ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. నేను మాట్లాడేలోపు కొడుకు తల ఎత్తకుండానే అన్నాడు: "పేపర్ల జాగ సాలకపోయి ఉంటది లేమ్మా."

"జాగ ఉండె. నేనే కొట్టేసిన" అన్నాను. ఆమె నన్నే చూస్తూ "ఎందుకు సారూ?" అంది. మగ్గాల కథనమని, నా పేరని చెప్పడానికి నోరు రాలేదు.

వదిన డాక్టరును వరండాలోకే పిలుచుకొచ్చి అతన్ని ముందుగా చూపించింది. ఆ సాయంత్రం నేను కవరు బస్సుకివ్వలేదు, నేనే బస్సెక్కి జిల్లా కేంద్రంలోని పేపరాఫీసుకు పోయాను. డెస్కులో పెద్దాయన, "ఆఫీసోళ్లు అడగకుండ సవరణ ఏంది? నీ తప్పు నువ్వే చాటుకుంటవా?" అన్నాడు. శుక్రవారం డాక్టర్లు రాకముందే తెలియాల్సినవాళ్లు ఇంకా ఉన్నారని బతిమాలాను. చివరికి ఒప్పుకున్నాడు. విలేకరి పొరపాటు వల్ల తప్పిపోయిందన్న మాటతో వదిన రాసిన ప్రకటన గురువారం పొల్లుపోకుండా అచ్చయింది.

శుక్రవారం డాక్టర్ల జీపులో నేనూ ఆ పల్లెకు వెళ్లాను. ఆ తల్లి మా కన్నా ముందే గురువారం నాటి పేపరు పట్టుకొని, పక్షవాతంతో పడిపోయిన ఒక ముసలామె ఇంటికి పోయి, ఆమె కొడుకును ఆఫీసుకు తరిమి పేరు రాయించిందట. జీపు దిగగానే దారి చూపిస్తూ ముందు నడిచింది. తిరిగొచ్చేటప్పుడు వాళ్లింటికి పోయాను. ఆ పిలగాడు నన్ను కూర్చోమని, అమరచింత మగ్గాల ముచ్చట చదివానని, బాగుందని అన్నాడు. తల తిప్పుకున్నాను. అతని పుండు మానడానికి వానలు పడేదాకా పట్టింది.

ఆ తర్వాత విలేకరిగా ఉన్నన్నాళ్లూ ప్రకటన వస్తే కింది నుంచి మీదికి చదివేవాణ్ని. వదిన ఇంట్లో ఈ సంగతి ఎత్తనే లేదు. అన్నకు కూడా చెప్పలేదు. ఈ మధ్య ఆమె రిటైరయ్యాక ఒకసారి అడిగాను, ఆ రోజు నన్నెందుకు తిట్టలేదని. మామిడికాయ తరుగుతూ, తలెత్తకుండానే అంది: "తిడితే ఆ పొద్దుకే తీరిపోతుండె గద తమ్మీ."

నిజమే. ఇరవై ఏళ్లలో నా వయసు పెరిగింది, ఆ మంగళవారానికి మాత్రం ఒక్కరోజు కూడా పెరగలేదు.