బస్టాపులో ఆగిపోయిన పద్మ

పెద్దమ్మ పోయిందని వాళ్ల బిడ్డ ఫోన్ చేసినప్పుడు జల్‌పల్లి నుంచి ఆఫీసుకు వెళ్లే బస్సులో నిలబడి ఉన్నాను. "అన్నా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, గోడకు ఒరిగి కూసున్నది, గంతే" అంది. తర్వాతి స్టాపులో దిగిపోయాను. దిగాక ఎటు వెళ్లాలో తోచలేదు. నిజం చెప్పాలంటే ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎనిమిదేళ్లుగా ఆమెతో ఒకే అబద్ధం ఆడుతూ వచ్చాను. "రాస్తున్నా పెద్దమ్మా" అని.

ఆమె నాకు చుట్టం కాదు. ఛత్రినాకలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. ఒక ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయాగా చేసేది. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి పైగదిలో దిగిన నన్ను మొదటి రోజే "కొడుకా" అంది. నా మాట విని వారం రోజులు నవ్వింది. "ఏందయ్యా, పిల్లిని గూడ అండీ అంటవా?" అని వీధిలో అందరికీ చెప్పి మరీ నవ్వింది.

ఆమెకు చదువు రాదు. నేను నవల రాస్తున్నానని తెలిసి, "ఏం రాసినవో సదువు, ఇంట" అంది. అలా మొదలైంది. ఆదివారం మధ్యాహ్నాలు డాబా మీద ఆమె చింతపండులో గింజలు తీస్తూ కూర్చునేది, నేను ఆ వారం రాసింది చదివేవాణ్ణి. వాక్యానికో ఊఁ కొట్టేది. ఊఁ రాలేదంటే అక్కడ ఏదో చెడిందన్నమాటే. ఒకసారి వాన గురించి పేజీన్నర చదివాను. ఒక్క ఊఁ లేదు. చివరికి "వాన పడ్డది, తెలిసింది. పిల్ల ఏం జేసిందో చెప్పరాదు" అంది. ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు కిందికి దిగలేదు. మూడో రోజు ఆ పేజీన్నర కొట్టేశాను.

ఆ పిల్ల పేరు పద్మ. కుట్టు షాపులో ఓనరుతో గొడవపడి పని మానేసి, ఇంట్లో చెప్పే ధైర్యం లేక, వానలో బస్టాపులో కూర్చుంటుంది. వచ్చిన బస్సునల్లా వదిలేస్తుంటుంది. పదకొండో అధ్యాయం అక్కడ ముగిసింది. పన్నెండోది మొదలుకాలేదు. పెళ్లయింది, జల్‌పల్లిలో చిన్న జాగా కొని ఇల్లు కట్టుకున్నాను, రోజుకు మూడు గంటలు బస్సుల్లోనే పోతున్నాయి. అడిగినవాళ్లకు ఈ కారణాలే చెప్పేవాణ్ణి. అసలు సంగతి, ఆ పిల్ల లేచి ఎక్కడికి వెళ్తుందో నాకు తెలియలేదు. తెలియదని ఒప్పుకోవడానికి భయపడ్డాను. నోట్‌బుక్కులు సంచిలో కట్టి సజ్జ మీద పెట్టేశాను.

పెద్దమ్మ వదిలితేనా! ఫోన్ ఎత్తితే నా పిల్లల కంటే ముందు పద్మ సంగతే అడిగేది. "ఆ పిల్లను ఇంక వానలనే కూసోబెట్టినవా? జ్వరమొస్తది గద రా!" అనేది. బోనాలకు పిలిచి కడుపునిండా పెట్టి, "తినుడైతే తిన్నవు. పిల్లను తీస్కరాలే" అని చురక అంటించేది. నేను నవ్వేసి నా పాత అబద్ధం చెప్పి బయటపడేవాణ్ణి.

పోయినేడు ఒక ఆదివారం "ఈసారి సదివితేనే అన్నం" అంది. ఏం చేయాలో తెలియక ఆఫీసు ఫైల్లోంచి నాలుగు కాగితాలు తీసుకెళ్లి, అవి చూస్తూ నోటికొచ్చింది చదువుతున్నట్టు చెప్పాను. పద్మను బస్సెక్కించాను, ఎవరో మంచివాడు కనిపించాడు, ఉద్యోగం ఇచ్చాడు. పెద్దమ్మ ఒక్క ఊఁ కొట్టలేదు. కాసేపటికి నా చేతిలో కాగితాల వైపు చూసింది.

"కొడుకా, నాకు అక్షరం రాదు. కాయితం తిప్పుడు గూడ తెల్వదా?"

నేలలోకి కుంగిపోయినట్టయింది. అంతసేపు చదివి ఒక్క కాగితమూ తిప్పలేదు నేను. ఆమె తిట్టలేదు. కంచంలో అన్నం పెట్టి, కూర వేసి, అప్పుడంది. "రాకుంటే రాలే అను, అండ్ల సిగ్గేంది? మా వార్డుల నొప్పులు ఆగిపోతే పండుకోబెట్టం, లేపి నడిపిస్తం. నువ్వు ఏడేండ్లు పండవెట్టినవు." అలాగే పెద్దమ్మా అన్నాను. ఇంటికొచ్చి సజ్జ వంక చూసి పడుకున్నాను.

పదోరోజు ఆమె ఫొటో ముందు కూర్చుంటే, ఆమెతో పాటు వార్డులో పనిచేసిన ఒక ఆయా నా దగ్గరకొచ్చింది. "రాసేటాయన మీరేనా?" అని అడిగింది. అవునన్నాను.

"కాన్పు నొప్పులతోని ఏడ్సే ఆడపిల్లలకు అక్క మీ కథ చెప్తుండె. భయం మర్సి వింటుండ్రి. ఆఖరికి ఏమైందని అడిగితే, రాసేటాయన రాస్తుండు, అయినంక చెప్త అంటుండె. ఏదో ఒకటి కల్పించి చెప్పరాదు అక్కా అని నేనే అన్న. పద్మ ఆయన బిడ్డ, నేనెట్ల చెప్త అన్నది. రిటైరయ్యేదాంక గదే మాట."

నా అబద్ధాన్ని ఆమె నమ్మిందో లేదో గానీ, నా పరువు పోకుండా ఎంతమందికి చెప్పుకుంటూ వచ్చిందో!

ఆ సాయంత్రమే సంచి దించాను. మూడు వారాలు కూర్చున్నాను. చదివి వినిపించడానికి ఇంట్లో మనుషులున్నారు, వాళ్లు మంచివాళ్లే, "బాగుంది" అంటారు. ఏ వాక్యం కొట్టేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఇంత ఒంటరిగా నేనెప్పుడూ రాయలేదు. నిన్నటికి పన్నెండో అధ్యాయం అయింది. పద్మ లేచి, వచ్చిన బస్సెక్కి ఇంటికెళ్లి, పని మానేశానని వాళ్లమ్మకు చెప్పింది. అంతే. ఇంత చిన్న సంగతి కోసమా ఎనిమిదేళ్లు అనిపించింది.

ఆ వార్డులో పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి పోతుంటారు. వాళ్ల తల్లులు సంతోష్‌నగర్‌లో ఉన్నారో, ఇంకే బస్తీలో ఉన్నారో నాకు తెలియదు. పేర్లు కూడా తెలియవు. పద్మ ఇల్లు చేరిందని వాళ్లకు చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉండేది. ఆ తల్లులకు పద్మ ఇంకా ఆ వానలోనే, ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని, వచ్చిపోయే బస్సులను చూస్తూ కూర్చునే ఉంది.