‘చెప్పినవారు’ అనే గడి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. కొలతకు అందనిదాన్ని నివేదికలో రాయకూడదన్నది ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా నాకున్న అలవాటు. అయినా ఒక పత్రంలోని ఒక గడిని ఎలా నింపాలో తెలియక ఇది రాస్తున్నాను.

కువైట్‌లో జాతి వివక్షకు గురైన ఇంటిపనివారి జ్ఞాపకాలను వారి గొంతుతోనే భద్రపరిచే పరిశోధన ఫెలోషిప్ నాకు వచ్చింది. సెలవు రోజుల్లో ఆ పని చేస్తుంటాను. ప్రతి సంభాషణకు ముందు గదిలోని నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేస్తాం. తర్వాత ఏసీ హోరును తొలగించడానికి అది పనికొస్తుంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం హవల్లీలో, బంధువుల గదికి వచ్చిన రత్నమ్మగారిని కలిశాను. రాజోలు వైపు మనిషి. జాబ్రియాలో ఒకే ఇంట్లో పదకొండేళ్లుగా పని చేస్తున్నారు. ఆ ఇంట్లో ఆమెను ‘లిల్లీ’ అంటారు. ఆమెకు ముందు పనిచేసిన తెలుగామెనూ లిల్లీ అనే పిలిచేవారు. మనిషి మారినప్పుడల్లా కొత్త పేరు నేర్చుకోవడం యజమానురాలైన ‘మామా’కు అనవసరమనిపించిందట. ఆ పాత లిల్లీ, రత్నమ్మగారు ఇప్పుడు పడుకునే గదిలోనే చనిపోయింది.

“నా పేరు రాయకపోయినా పర్లేదండి. ఆవిడ అసలు పేరు రాయండి.”

“ఏం పేరమ్మా?”

“అది తెలిస్తే మీదాకా ఎందుకండీ? మామానడిగితే ‘లిల్లీ, ఖలాస్’ అంది, ఇక అంతే అన్నట్టు.”

పత్రంలో చనిపోయినావిడ పేరు రాయాల్సిన గడిని ఖాళీగా వదిలి వచ్చాను.

మరునాడు ఉదయం ఫింటాస్‌లోని మా ఫ్లాట్‌లో ఆ రికార్డింగు విన్నాను. నేను వాడింది ఒక్కటే మైకు, రికార్డరులోని మొదటి ఛానల్‌కు. రెండో ఛానల్‌ను ఆపడం మరిచాను, కానీ దానికి ఏ తీగా తగిలించలేదు. పరికరానికి సొంత మైకు లేదు. నిశ్శబ్దపు నిమిషంలో నలభై ఒకటో సెకను దగ్గర, ఆ రెండో ఛానల్‌లో మాత్రమే, ఒక స్త్రీ గొంతు నింపాదిగా పలికింది. “సువార్తమ్మ.”

రెండు రోజులు పరీక్షించాను. మెమరీ కార్డు కొత్తది. పాత ఫైళ్లు లేవు.

రత్నమ్మగారు చేరకముందే ఆ ఇంట్లో డ్రైవరు పని మానేసిన జగిత్యాల మనిషి మల్లేశ్, తెలిసినవారి ద్వారా దొరికాడు. సువార్తమ్మ ఎవరని ఫోన్‌లో అడిగాను.

“ఆమె శవపెట్టెను ఎయిర్‌పోర్టుకు నేనే తీస్కపోయిన సార్. దాని మీది కాయితంల సదివిన ఆ పేరు. ఇన్నేండ్ల సంది ఎవ్వలికీ చెప్పలే. మీకెవలు చెప్పిండ్రు?”

థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను.

పేరు గడి నింపాను. మరో శుక్రవారం పత్రం చూపిస్తే రత్నమ్మగారు ఆ అక్షరాలను వేలితో తడిమి, “ఇక ఆ గదిలో పేరు పెట్టి ప్రార్థన చేస్తానండి” అన్నారు.

ఆ పేరు ‘చెప్పినవారు’ ఎవరో రాసే గడి ఖాళీగా ఉందని ఫెలోషిప్ ఆఫీసు నుంచి పత్రం రెండుసార్లు తిరిగి వచ్చింది. మల్లేశ్ పేరు రాస్తే సరిపోతుంది. కానీ మొదట చెప్పింది అతను కాదు. మూడోసారీ ఖాళీగానే పంపాను.

ఇప్పటికీ నిశ్శబ్దం రికార్డు చేసే ప్రతిసారీ, రెండో ఛానల్‌ను ఆపబోయి నా చెయ్యి ఆగిపోతుంది.