నాలుగంగుళాల మార్పు

ఆ రోజుల్లో, అంటే హోసూరులో డిజైను ఇంజనీరుగా చేరిన కొత్తలో, కంప్యూటరులో కనబడనిది లోకంలోనే లేదని నా గట్టి నమ్మకం. ఒకరోజు మా యంత్రం కొనేవాళ్లు ఫోను చేసి, అడుగున పెద్ద తుక్కుతొట్టి పట్టాలి, నాలుగంగుళాలు ఎత్తు పెంచమన్నారు. ఈ ఒక్క మార్పు ఎక్కడెక్కడికి పాకుతుందో ముందే చెప్పే పని నాకిచ్చి, "సరిగ్గా చెబితే ఉద్యోగం పర్మనెంటు, లేదంటే నీ దారి నీది" అన్నాడు మేనేజరు. రెండు రోజులు గళ్లూ బాణాలూ గీసి, మారేది కాళ్లు మాత్రమేనని సంతకం పెట్టేశాను (సంతకానికి మాత్రం నాలుగు మెలికలు).

యంత్రాలు బిగించే మేస్త్రీది పక్కనే ఉన్న జవళగిరి అనే ఊరు. నా కాగితం చూసి, "కాళ్లు పెరిగితే చేతులు అందాల గదప్పా. దాని ముందర నిలబడేది ఎవురు?" అన్నాడు. అది డ్రాయింగులో ఉండదన్నాను. పక్క షెడ్డులో పనిచేసే తన భార్యను పిలిచి గోడకు నిలబెట్టి, నెత్తి దగ్గర ఒకటి, ఎత్తిన చేతివేళ్ల దగ్గర ఒకటి సుద్దగీతలు గీశాడు. "ఈయప్పకు మతి పోయినట్టుండాది" అని ఆమె గొణిగింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

యంత్రాన్ని నడిపి చూసే రోజు కొనేవాళ్ల ఆపరేటరమ్మ వచ్చింది, మేస్త్రీ భార్యంత ఎత్తే ఉంటుంది. మునివేళ్ల మీద లేచినా ఆమెకు బటను అందలేదు. పీట వేశాం. కాలితో నొక్కే స్విచ్చి పీట కిందికి పోయింది. స్విచ్చిని పైకి లాగితే వైరు చాల్లేదు. పీటెక్కి నిలబడితే యంత్రానికి బిగించిన లైటు నుదుటికి తగిలింది. "ఈడ నేను పనిచేసేదా, సర్కస్ చేసేదా సార్?" అంది. మేనేజరు నా వైపు చూశాడు. ఇంటికెళ్లి నాన్నకు ఏం చెప్పాలో కూడా ఆలోచించేసుకున్నాను.

బస్సు తప్పి ఆలస్యంగా వచ్చిన మేస్త్రీ, స్విచ్చికి చోటు వదిలి తానే చేసిపెట్టిన వెడల్పాటి మెట్టు తెచ్చి వేశాడు. యంత్రం లోపల చుట్టి దాచిన మూరెడు వైరు బయటికి లాగాడు. లైటును పైనున్న ఇంకో రంధ్రంలో బిగించాడు. ఎవరు చేయమన్నారని మేనేజరు అడిగితే నన్ను చూపించి, "ఈయప్పే చెప్పినాడు సార్" అన్నాడు. నా ఉద్యోగం నిలిచింది. తర్వాత, అట్లా ఎందుకు చెప్పావు మేస్త్రీ అంటే, "నీ కాగితంలో నాలుగు గీతలు తక్కువైనాయి, అంతే గదా. రా, టీ తాగుదాం" అన్నాడు.

ఇప్పుడు మార్పు ఎటెటు పాకుతుందో సాఫ్ట్‌వేరే రంగులేసి చూపిస్తుంది. నేనూ నమ్ముతాను. కానీ సంతకానికి ముందు క్యాంటీనులో పనిచేసే పొట్టి అమ్మను పిలిచి, "ఒక్క నిమిషం ఈడ నిలబడి చెయ్యెత్తమ్మా" అంటాను. "సారుకు మళ్లీ మొదలయింది" అని సణుగుతూనే ఆమె చెయ్యెత్తుతుంది. కొత్త ఇంజనీర్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వనీ. వాళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒకరోజు తప్పు సంతకం పెడతారు. ఆ రోజు "ఈయప్పే చెప్పినాడు" అనడానికి నేనుండాలి గదా.