బాలింత స్నానమూ గ్యాస్ గీజరూ

గ్యాస్ గీజరు బిగించడానికి వచ్చినతనితో నేను పెద్ద గొడవే పడ్డాను. అతను బాత్రూంలోనే పెడతానన్నాడు. "అందరూ లోపలే పెట్టించుకుంటా ఉండారక్కా, ఏమీ కాదు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. గాలాడని గదిలో గ్యాస్ మండితే వచ్చే విషానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు, మనిషి కూర్చున్నచోటే పడిపోతాడు, తెలుసా నీకు అని అరిచాను. చివరికి బయట బట్టలుతుక్కునే యుటిలిటీ వరండాలో, ఇనప గ్రిల్ పక్కన పెట్టించాను. ప్రతి అతుకు దగ్గరా సబ్బు నురుగు పూయించి, బుడగలు రావడం లేదని చూశాకే అతన్ని వదిలాను. బెంగళూరులో మా హెబ్బగోడి మొత్తం మీద నా అంత జాగ్రత్తపరురాలు లేదని అందరి దగ్గరా గొప్పలు పోయాను.

కాన్పుకు చెల్లి మా ఇంటికే వచ్చింది. బాలింత స్నానాలు చేయించడానికి హిందూపురం నుంచి అమ్మ వచ్చింది. బెంగళూరు చలికి అమ్మ హడలిపోయింది. "ఇదేం ఊరే తల్లీ! యాడ చూసినా గాలే ఉండాది. బాలింతకి గాలి తగలగూడదు," అని వచ్చిన రోజు నుంచీ ఒకటే సణుగుడు.

ఆ పొద్దున అమ్మ చెల్లికి నీళ్లు పోస్తోంది. నేను పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, తర్వాత స్నానం వాడిదే. నీళ్లు పోస్తున్నంతసేపూ అమ్మ నోరు ఆగదు. తల వంచు, వీపు ఇటు తిప్పు, కదలొద్దు అంటూనే ఉంటుంది. ఉన్నట్టుండి ఆ మాటలు ఆగిపోయాయి. బకెట్ నిండి నీళ్లు పొర్లుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పిలిచాను. ఎవరూ పలకలేదు.

పసివాణ్ణి మంచం మీద పెట్టి పరిగెత్తి తలుపు తోశాను. అమ్మ గోడకు జారగిలబడి ఉంది, చెంబు ఇంకా చేతిలోనే ఉంది. చెల్లి పీట మీంచి పక్కకు ఒరిగిపోయింది. దేవుడా! ఇద్దరినీ హాల్లోకి ఎలా ఈడ్చుకొచ్చానో నాకిప్పటికీ తెలియదు. గ్యాస్ ఆపేద్దామని యుటిలిటీ తలుపు తీసి కొయ్యబారిపోయాను. గ్రిల్ మొత్తానికీ నీలం ప్లాస్టిక్ పట్ట! ముందురోజు నేను ఆఫీసుకు పోయినప్పుడు, సందన్నది లేకుండా తాళ్లతో ముడులేసి అమ్మ కట్టింది. బాత్రూం వెంటిలేటరు తెరుచుకునేది ఆ యుటిలిటీలోకే. బయటికి పోవలసిన విషమంతా వాళ్ల మీదికే వచ్చింది.

ఆస్పత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. చెల్లి కళ్లు తెరిచి బిడ్డ ఏడని అడిగితే, నా ఒళ్లో ఉన్న పసివాణ్ణి చూపించాను. అమ్మ చాలాసేపటికి గానీ కదల్లేదు. కదిలి, ముఖం మీది మాస్కు పక్కకు లాగి, చెల్లి మంచం పక్కన తెరిచి ఉన్న కిటికీ వైపు వేలు చూపించింది.

"అది మూసెయ్యే," అంది. "బాలింతకి గాలి తగుల్తా ఉండాది."